ముక్కుల పోసిన పాలు

పాలు పిండి ఇయ్యుడు మా ఇండ్లల్ల కొత్తగాదు. పక్కింటి పిల్లగానికి కండ్లకలక వచ్చిందంటె వాళ్ళమ్మ చిన్న గిన్నె పట్టుకొని వస్తది. చెవిపోటుకు రెండు చుక్కలడుగుతరు. బాలింత ఏ ఇంట్ల ఉన్నదో గల్లి అంతటికి తెలుసు. మా అత్త యాదమ్మ పోచంపల్లి దిక్కు ఊర్లె మగ్గం నేసేటప్పుడు గూడ, ఎవరొచ్చి అడిగినా లేచి ఇచ్చేదట. అడిగినోళ్ళకు లేదంటె పాలు ఎండిపోతయని ఆమె నమ్మకం.

నాకు మొదటిసంది గిది నచ్చకపోతుండె. నా ఒంట్లకెల్లి వచ్చింది ఇంకొకరి కంట్ల పడుడేందని లోపల్లోపల కంపరమెత్తేది. కాని తొమ్మిదో తరగతిల బడి బందైన దాన్ని. ఏది శుభ్రమో ఏది కాదో నాకంటె అత్తకే ఎక్కువ తెలుసని ఊకున్న. చిన్నోడు పుట్టి మూడు నెలలు. వాడు తాగంగ ఇంకా జాకెట్టు తడిసేటన్ని పాలు. కర్మన్‌ఘాట్ల మేముండే కిరాయి పోర్షన్ మెట్ల మీద పొద్దుగాల్నే ఎవరో ఒకరు గిన్నెతోని నిలబడేది. మా అత్తకు అదొక గొప్ప.

నా భయమంత పెద్దదాని మీదనే. నైనికకు అయిదో ఏడు నడుస్తున్నది. దానికి జలుబు చేస్తె జలుబుతోని ఆగదు. ఒళ్ళు కాలుతది, ఆ ఎన్కనే పిల్లికూతలు మొదలైతయ్. నిరుడు వానకాలం ఫ్లూ జ్వరమొచ్చి, ఎల్బీనగర్ల పిల్లల దవాఖానల ఆక్సిజన్ మీద ఉన్నది. పక్కటెముకల సందుల్ల తోలు లోపలికి గుంజుకపోతుంటె చూసుకుంట కూసున్న. అప్పటిసంది దాని ఎద మీద చెయ్యి పెడ్తెనే నాకు నిద్ర. దాన్ని చూసే డాక్టరమ్మ ఇందిరాదేవి విజయవాడ దిక్కామె, మెల్లగ మాట్లాడుతది. ప్రతి ఏడు వానలు పడకముందే తీస్కరమ్మని, ఫ్లూ టీకా వేస్తనని మరీ మరీ చెప్పింది.

ఈసారి వానలు దగ్గరకొచ్చినయ్. నేను టీకాకు పోదామనే వరకు మా ఇంట్ల మహిపాలన్న వచ్చి కూసున్నడు.

మహిపాల్ మా అత్త అన్న కొడుకు. మా ఆయనకు బావ, నాకు వరుసకు అన్న. ముందు బైకు మీద ఇల్లిల్లు తిరిగి రక్తం సాంపిళ్ళు తీస్కపోయేటోడు. తర్వాత దిల్‌సుఖ్‌నగర్ల బట్టతల మీద వెంట్రుకలు మొలిపిస్తమనే ఒక క్లినిక్‌ల చేరిండు. ఎక్సోజోములనే మాట అక్కన్నే పట్టిండు. మా సోఫాల కాలు మీద కాలేసుకొని ఫోన్ల వీడియోలు పెట్టి చూపించిండు. మన ఒంట్ల ప్రతి కణం కంటికి కనపడని చిన్న చిన్న సంచులను బయటికి ఇడుస్తదట. ఒక కణం ఇంకో కణానికి సద్ది కట్టి పంపినట్టు. అమ్మపాలల్ల అవి కోట్లల్ల ఉంటయట. వేరే దేశాలల్ల పెద్ద పెద్ద ల్యాబులల్ల వాటితోని వైరస్‌లకు టీకాలు చేస్తున్నరట. పాలను మిషన్ల పెట్టి గిర్రున తిప్పి, ఆ సంచులను తీసి ముక్కుల చుక్కలేస్తె ఫ్లూ గాని, కరోనా గాని, డెంగీ గాని దగ్గరికి రాదట.

"అత్తా, ఇన్నేండ్లు నువ్వు గిన్నెల పోసిచ్చిందే. నేను మిషన్ల పెట్టి ఇస్తున్న, అంతే" అన్నడు.

మా అత్త మురిసిపోయింది. చదువుకున్నోళ్ళు ఇప్పుడు కనుక్కున్నది నేను ఎప్పటిసందో చేస్తున్న అని చుట్టుపక్కలోళ్ళందరికి చెప్పింది. మా ఆయన శ్రవణ్‌కుమార్ దిల్‌సుఖ్‌నగర్ల చీరల దుకాణంల సేల్స్‌మాన్. పొద్దంత నిలబడి చీరలు విప్పుడు, మలుసుడు. మహిపాలన్న ఆయనను భాగస్తున్ని చేసుకుంటనన్నడు. ఇగ కుర్చీల కూసోని పని చేయొచ్చని మా ఆయన కండ్లల్ల వెలుగొచ్చింది. దుకాణానికొచ్చే పిల్లల తల్లులకు చీర మలుసుకుంట చుక్కల సంగతి చెప్పుడు మొదలుపెట్టిండు.

ఫ్లూ టీకా సంగతేందని నేనడిగిన. ఇదీ టీకానే చెల్లె, టీకా మీద టీకా వేస్తె పిల్ల తట్టుకోదు అన్నడు మహిపాలన్న. మా ఆయన తలూపిండు. డాక్టరమ్మనొకసారి ఫోన్ చేసి అడుగుదామన్న. ఇంటి మనిషిని నమ్మవుగని బయటోళ్ళను నమ్ముతవా అని మా ఆయన మొఖం మాడ్చుకున్నడు. డాక్టరమ్మకు ఫోన్ చెయ్యలే.

మర్నాటి నుంచి మహిపాలన్ననే పొద్దుగాల వచ్చేది. చేతి పంపు, గాజు బుడ్డి తెచ్చి ఇచ్చేటోడు. నేను లోపటి అర్రల తలుపేసుకొని పిండుతుంటె ముందటి అర్రల కూసోని టీ తాగేటోడు. పంపు గుర్రు గుర్రుమనే చప్పుడు ఆయనకు ఇనపడ్తుందని నాకు తెలుసు. తలుపు సందుల నుంచి బుడ్డి అందిస్తె, ట్యూబ్‌లైట్‌కు పట్టి తిప్పి చూసేది. "మస్తు చిక్కగున్నయ్ చెల్లె. హస్తినాపురంల ఇచ్చే ఆమెయి ఉత్త నీళ్ళు" అనేటోడు. నన్ను చెల్లె అని పిలిచే నోటితోని ఆ మాట. ఆయన పోయినంక మోచేతుల దాక సబ్బు పెట్టి కడుక్కునేదాన్ని. కడిగినా పోయేది కాదు. మా ఆయనకు చెప్తె, డాక్టర్ల ముందట సిగ్గువడ్తమా అన్నడు. ఆయన డాక్టర్ గాదు గదా అన్న.

పదిహేను రోజులైనంక చుక్కల బుడ్డి వచ్చింది. తెల్లటి చిన్న ప్లాస్టిక్ బుడ్డి, దాని మీద రంగుల కాగితం, నవ్వే పిల్ల బొమ్మ. అసోంటి బుడ్డీలే మా ఆయన దుకాణానికొచ్చే తల్లులకు అమ్ముడు మొదలుపెట్టిండు. నైనిక ముక్కుల రెండు చుక్కలేస్తె అది తల ఇదిలించుకున్నది. మోరి కాల్వ వాసనొస్తుందమ్మా అన్నది. నేను వాసన చూసిన. ముందు గులాబి నీళ్ళ వాసన, దాని కింద పులిసిన వాసన. పెరుగు పులుపు కాదు, పిల్లలు కక్కిన పాల పులుపు. మహిపాలన్ననడిగితె మందు వాసన అట్లనే ఉంటదన్నడు. మందు వాసన నాకు తెలుసు. నిరుడు దవాఖానల అన్ని దినాలు అదే పీల్చిన. ఇది గది కాదు.

ఒకరోజు మహిపాలన్న రాలేదు. ఆదివారం చుక్కల సెంటర్ ఓపెనింగ్ ఉన్నది, పనుల పడ్డనని ఫోన్ చేసిండు. పాలు నువ్వే తీస్కపోయి ల్యాబ్‌ల ఇయ్యమని మా ఆయన అన్నడు. చిన్నోన్ని మా అత్తకిచ్చి, నైనికను బడికి పంపి, బుడ్డిని గుడ్డల చుట్టి సంచిల పెట్టుకొని ఆటో ఎక్కిన. ఎవరైన చూస్తరేమోనని దారి పొడుగుత సంచిని ఒళ్ళె పెట్టుకున్న.

దిల్‌సుఖ్‌నగర్ల కోచింగ్ సెంటర్ల ఎన్క గల్లి. కింద టిఫిన్ సెంటర్, దాని మీద ఆడపిల్లల హాస్టల్, ఆ మీద రేకుల అర్ర. మెట్లెక్కుతుంటెనే ఆ పులిసిన వాసన ఎదురొచ్చింది. తలుపు తెరిచే ఉన్నది. ల్యాబ్ అంటె అద్దాలు, తెల్లకోట్లు ఉంటయనుకున్న. లోపట మూత లేని ప్లాస్టిక్ బకెట్ ఒకటి, సగం దాక పాలు. మీద మీగడ పసుపు రంగు తిరిగింది, దాంట్ల ఒక పొడుగు ఎంటిక, రెండు ఈగలు. ఒకటింక కాళ్ళు కొట్టుకుంటున్నది. పనికి పెట్టుకున్న గీత అనే పిల్ల చాయ వడగట్టే జాలితోని పాలు వడగట్టి సీసాలల్ల పోస్తున్నది. అది వడగట్టేది ఈగలనే, పాలను కాదు. మూలకు రక్తం తిప్పే పాత మిషన్ గడగడమంటున్నది. ఫ్రిజ్ తలుపు తీసుంటె చూసిన. మాలాంటోళ్ళ బుడ్డీలు, వాటి పక్కన రాత్రి మిగిలిన కోడికూర గిన్నె.

ఎవరెవరియి ఇవి అని గీతనడిగిన. ఆ పిల్ల తలెత్తకుంటనే చెప్పింది. హాస్టల్ కాడ వంటామె, హస్తినాపురంల ఇద్దరు, పెద్ద అంబర్‌పేట్ దిక్కు ఇటుకబట్టీల కాడ కొందరు. అన్నీ ఒక్కదాంట్లనే పోస్తమన్నది. వాళ్ళకేమన్న పరీక్షలు చేసిండ్రా అంటె, పాలకు పరీక్షలేందక్కా, పాలే గదా అన్నది. ఆ పిల్ల చూపుల మోసం లేదు. మా అత్తకున్న నమ్మకమే ఆ పిల్లకూ ఉన్నది.

నేను తెచ్చిన బుడ్డిని ఎక్కడ పెట్టాల్నో తెలువక చేతుల పట్టుకొని నిలబడ్డ. అప్పుడు పరదా ఎన్క నుంచి మగ గొంతు నవ్వినట్టయింది. పరదా పక్కకు జరిపి చూసిన. మంగలి షాపుల ఉండే కుర్చీల ఒక పెద్దమనిషి కండ్లు మూసుకొని ఒరిగిండు. బట్టతల. మహిపాలన్న సూదులున్న చిన్న రోలర్‌తోని ఆ తల మీద గీరి, బుడ్డిలకెల్లి తెల్లటిది పోసి అరచేత్తోని రుద్దుతున్నడు. ఆ తెల్లటిది చెంప మీదికెల్లి కారి మీసాల కాడ ఆగింది. ఆ పెద్దమనిషి నాలుక బయటికి తీసి నాకి, మళ్ళ లోపల పెట్టుకున్నడు.

ఆయన వెంకట్రావు, ఆ బిల్డింగు ఓనర్, ఆంధ్ర దిక్కాయన. కండ్లు తెరిచి నన్ను చూసి నవ్వుకుంట, "మీరూ దీనికోసమేనా అమ్మా? వాసన కాస్త ఓర్చుకోవాలండీ. పనిచేస్తుందంటున్నాడు మరి" అన్నడు.

మహిపాలన్న చెయ్యి తియ్యకుండ నా దిక్కు గడ్డమెత్తి చూపించిండు.

"సార్, ఇప్పుడు మీ నెత్తి మీదున్నది మా చెల్లెదే. ప్యూర్."

వెంకట్రావు నన్ను కింది నుంచి మీది దాక చూసిండు. థాంక్స్ అమ్మా అన్నడు.

ఆ మెట్లు ఎట్ల దిగిననో తెలువదు. మెట్రో స్టేషన్ కింద పండ్ల బండ్ల ఎన్కకు పోయి కక్కుకున్న. పొద్దున తిన్న ఉప్మా, తాగిన నీళ్ళు, అన్నీ పోయినయ్. బొప్పాయిలమ్మే ముసలామె నీళ్ళ బాటిల్ ఇచ్చి మళ్ళ నెల తప్పినవా బిడ్డా అన్నది. కాదన్న. ఇంటికొచ్చి తానం చేసిన. ఒళ్ళంత ఆ మనిషి చూసిన చూపు పాకుతున్నట్టే ఉన్నది. చిన్నోడు పాలకు ఏడుస్తుంటె జాకెట్టు గుండీ తీయడానికి చేతులు రాలే. వాని ఆకలికి పుట్టిన పాలు గదా ఇవి. వాన్ని దగ్గరికి తీసుకుంటెనే ఆ బట్టతల యాదికొచ్చేది.

మా ఆయన దుకాణం నుంచి వచ్చినంక అంతా చెప్పిన. బకెట్ సంగతి, ఈగల సంగతి, కోడికూర సంగతి. ఆయన ముందు నవ్విండు. శుభ్రం చేపిస్త, ఓపెనింగ్ అయినంక ఏసీ పెట్టిస్త అన్నడు. బట్టతల సంగతి చెప్తె ఆయన నవ్వు ఆగింది గని కోపం రాలే, ఇబ్బందిగ అటు ఇటు చూసిండు. కోపమొచ్చింది మా అత్తకు. పిల్ల ముక్కుల వేస్తె ఆమెకేం అనిపియ్యలే. కాని మగోని నెత్తికి నా కోడలి పాలా అని లేచి నిలబడ్డది. మహిపాల్‌కు ఫోన్ చేసి, మీ నాయన బతికుంటె నిన్ను చెప్పుతోని కొట్టేటోడురా అన్నది. మర్నాడు ఆయన స్వీట్ డబ్బ తెచ్చి, అత్తా తప్పైంది, ఇంకోసారి జరగదు అనేసరికి సల్లబడ్డది. స్వీటు నోట్లె పెట్టుకున్నది.

నేను చుక్కలెయ్యనన్న. పాలియ్యనన్న. బుడ్డిని అటక మీద పెట్టిన. నేను తానానికి పోయినప్పుడు మా ఆయన దాన్ని దింపి నైనిక ముక్కుల వేస్తున్నడని, అదే నాకు చెప్పింది. నాన్న చాక్లెట్ ఇచ్చి మోరి నీళ్ళు పోసిండమ్మా అన్నది. ఆయన తన బిడ్డ మంచి కోరే వేస్తున్నననుకుంటున్నడు, నాకు తెలుసు. తెలిసినందుకే ఇంకింత రోతగ అనిపించింది.

శుక్రవారం పొద్దుగాల నైనిక ఒళ్ళు కాలింది. మధ్యాహ్నానికి ముక్కు కారింది, దగ్గు మొదలైంది. సాయంత్రం నాలుగైనంక పిల్లికూతలు. నేను సంచి సర్దుతుంటె మా ఆయన, మహిపాలన్న ఇద్దరు వచ్చిండ్రు. మహిపాలన్న చేతుల చుట్టిన ఫ్లెక్సీ. మా మంచం మీద పరిచి చూపించిండు. దాని మీద నైనిక ఫోటో, పోయిన పండుగకు కుట్టించిన గౌనుల. కింద ఎర్రటి అక్షరాలు: ఈ పాపకు ఈ వానకాలం జ్వరం రాలేదు.

ఫ్లెక్సీ మీది పిల్ల నవ్వుతున్నది. దాని పక్కన పండుకున్న పిల్ల నోరు తెరిచి గాలి గుంజుకుంటున్నది.

ఇది చుక్కలు పనిచేస్తున్న గుర్తు చెల్లె, ఒళ్ళు నేర్చుకునేటప్పుడు జ్వరమొస్తది, ఇంకో నాలుగు చుక్కలేస్తె దిగుతది అన్నడు మహిపాలన్న. ఆయన కండ్లు పిల్ల మీద లేవు, ఫ్లెక్సీ మీద మలుపు పడ్డ కాడ ఉన్నయ్. అక్కడ గోటితోని రుద్దుతున్నడు.

మా ఆయన నా దగ్గరికొచ్చి గొంతు తగ్గించిండు.

"ఆదివారం దాక ఆగు విజయా. ఎల్బీనగర్ల అందరు తెలిసినోళ్ళే. దవాఖానల ఎవరన్న దీన్ని చూస్తె అంతా పోతది. రెండు దినాలు ఇంట్ల చూద్దాం."

నేను నైనిక గౌను పైకెత్తిన. ఆయనకు కనపడాలని ఎత్తిన. ఎముకల సందుల్ల తోలు లోపలికి పోతున్నది, వస్తున్నది. ఆయన చూసిండు. చూసి మళ్ళ మహిపాలన్న దిక్కు తిరిగిండు. ఆ తిరుగుడు చూసినంక నేనింక ఆగలే. అటక మీది బుడ్డి తీసి సంచిలేసుకున్న, పిల్లను భుజాన వేసుకున్న, చిన్నోన్ని చూడమని మా అత్తకు చెప్పిన. ఆమె ఒకసారి పిల్ల ఎద మీద చెయ్యి పెట్టి చూసి తలుపు కాడ అడ్డం నిలబడ్డ మహిపాలన్నను పక్కకు నూకింది. ఎందుకు నూకిందో నేను అడగలే.

ఆటోల కర్మన్‌ఘాట్ నుంచి ఎల్బీనగర్ పోవుడెంత సేపు. ఆ రోజు సాగర్ రింగ్‌రోడ్డు కాడ బండ్లు కదలలే. ఆటోయన హారన్ మీద చెయ్యి తియ్యలే.

నర్సు మాస్క్ పెట్టి మందు ఆవిరి పట్టింది. ఇందిరాదేవి డాక్టరమ్మ ఎద మీద స్టెత్ పెట్టి ఇన్నది, వేలికి క్లిప్ పెట్టి చూసింది, ఫ్లూ టీకా ఎందుకు వేయించలేదమ్మా అనడిగింది. నేను సంచిలకెల్లి బుడ్డి తీసి బల్ల మీద పెట్టిన. ఇదే టీకా అన్నరు మేడం అన్న. అంతా చెప్పిన. నా పాల సంగతి చెప్పేటప్పుడు తల దించుకున్న. ఆమె గ్లౌజు వేసుకొని మూత తీసి వాసన చూసింది. అంత మెల్లగ ఉండే మనిషి మొఖం ముడుచుకపోయింది. వెంటనే మూత పెట్టి ప్లాస్టిక్ కవర్ల వేసింది.

"ఎక్సోజోములు అబద్ధం కాదమ్మా" అన్నది. "పాలల్లోనూ ఉంటాయి. వాటి మీద వైరస్ ముక్క పెట్టి ఒంటికి చూపిస్తే, అసలు వైరస్ వచ్చినప్పుడు ఒళ్ళు గుర్తుపడుతుందేమోనని పెద్ద పెద్ద ల్యాబుల్లో పరిశోధన చేస్తున్నారు. అది ఇంకా పిల్లల దాకా రాలేదు. పాలు గిర్రున తిప్పితే టీకా అయిపోదు. ఇందులో ఉన్నవి ఎవరెవరో ఆడవాళ్ళ పాలు, అవీ కుళ్ళినవి. వాళ్ళలో ఎవరికి ఏ జబ్బుందో మనకు తెలియదు. పాపకు రక్తపరీక్షలు చేయాలి. ఇప్పుడోసారి, కొన్నాళ్ళ తర్వాత మళ్ళీ."

ఆ అబద్ధం నిజానికి ఇంత దగ్గరున్నదని తెలిసి నాకింకింత రోత పుట్టింది. ఉత్త అబద్ధమైతె ఎప్పుడో పట్టుకునేదాన్నేమో. ఎక్కడో ఎవరో కంటికి నిద్ర లేకుండ చేస్తున్న మంచి పనిని తీస్కొచ్చి, ఈగలు పడ్డ బకెట్ల ముంచి, నా బిడ్డ ముక్కుల పోసిండ్రు.

ఇంకెవరి పిల్లలకిచ్చారని డాక్టరమ్మ అడిగింది. అప్పుడే మా ఆయన ఉరికొచ్చి తలుపు కాడ నిలబడ్డడు. చెమటలు కారుతున్నయ్. నైనిక మాస్క్ చూసి దగ్గరికి రాబోయిండు. డాక్టరమ్మ మాటలిని ఆగిండు. మా ఇంటి మాట మేడం, బయటికి పోతె మావోడు బద్నాం అయితడు అన్నడు. తనకేం సంబంధం లేనట్టు మొఖం పెట్టిండు.

"మహిపాల్ చేసిండు మేడం" అన్న. గల్లి చెప్పిన, టిఫిన్ సెంటర్ పేరు చెప్పిన. "పాలు నావి. దుకాణానికొచ్చిన తల్లులకు చెప్పి అమ్మింది ఈయన. వాళ్ళ నంబర్లన్నీ ఈయన ఫోన్ల ఉన్నయ్."

మా ఆయన నా దిక్కు చూసిండు. పెండ్లయినసంది ఆయన నన్ను గట్ల చూడలే. నేను కండ్లు దించలే. నైనిక ఎద మీద చెయ్యి పెట్టిన, ఆవిరి లోపలికి పోతుంటె కూత జర తగ్గుతున్నది. డాక్టరమ్మ ఆయనకు కుర్చీ చూపించింది. ఆ పిల్లలందరినీ రేపే తీసుకురమ్మని చెప్పండి, నా ముందే చెప్పండి అన్నది.

ఆయన కూసున్నడు. చాన సేపు ఫోన్ తిప్పిండు. మధ్యల మహిపాలన్న ఫోన్ వచ్చింది, కట్ చేసిండు, మళ్ళ వచ్చింది, మళ్ళ కట్ చేసిండు. ఆఖరికి ఒక నంబరుకు కలిపిండు. అక్కా, నేను చీరల షాపు శ్రవణ్‌ను అన్నడు. మొన్న ఇచ్చిన ముక్కు చుక్కలు బాబుకు వేయకుండ్రి అన్నడు. అటు ఆమె ఏందని అడిగినట్టున్నది. ఆయన గొంతు లోపలికి పోయింది, పెదవులే కదులుతున్నయ్.

"గట్టిగ చెప్పు" అన్న నేను. "ఆమెకు ఇనపడాలె."